అవతలి గట్టున్న సముద్రం

సోమక్క ఫోనులో ముందు వానల సంగతి చెప్పింది. ఈసారి అడవిలో పుట్టగొడుగులు బాగా వచ్చాయనీ, సంతకు తెచ్చిన బుట్ట తెచ్చినట్టే అమ్ముడుపోతోందనీ చెప్పింది. నా కుట్టుమిషను బాగయిందా అని అడిగింది. అన్నీ అయ్యాక, "పేంటరు పోయిండు చెల్లే. సోమారం పొద్దుగాల" అంది. చావు కబురు ఆమె అలాగే చెప్తుంది. వినేవాళ్ళు ఎక్కడో ఒకచోట కుదురుగా కూర్చునేదాకా ఆగుతుంది.

నేను అప్పటికే కూర్చుని ఉన్నాను. అయినా ఇంకోసారి కూలబడినట్టయింది. ఆ మనిషిని నాకు చూపించినందుకు దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. తన లాడ్జి బోర్డు మీదే పేరు రాయించుకోని మనిషి. కొంటా వెళ్ళే హైవే మీద, ఎర్రబోరు దాటగానే ఎడమచేతి వైపు ఉంటుంది ఆ లాడ్జి. బోర్డు మీద ఒక్క అక్షరం ఉండదు. ఐదు తలుపులు ఐదు రంగుల్లో గీసి ఉంటాయి. చదువు రానివాడు వేసుకున్న బోర్డు అది. కానీ ఆ దారిన పోయే హిందీ వాళ్ళకీ, తెలుగు వాళ్ళకీ, గోండీ, దోర్లీ మాట్లాడేవాళ్ళకీ సమంగా అర్థమయ్యే బోర్డు ఆ రోడ్డు మొత్తం మీద అదొక్కటే. లారీల వెనక నెమళ్ళూ తామరపువ్వులూ వేసి బతికినవాడు కనుక లాడ్జి పెట్టాక కూడా అందరూ పేంటరనే పిలిచారు. బ్రష్షు చెవి వెనక దోపుకునేవాడు. చెయ్యి జుట్టుకు తుడుచుకునేవాడు. ఆయన తల చూస్తే ఆ నెలలో ఏ గది పని జరుగుతోందో తెలిసిపోయేది.

గదులకు నంబర్లు లేవు. సముద్రం గది, రైలు గది, మంచు గది, బడి గది, సంత గది. ఇందులో సంత తప్ప మిగతావేవీ ఆయన లోపలికి వెళ్ళి చూసినవి కావు. ఇటు జగదల్‌పూర్, అటు భద్రాచలం, ఆయన లోకం అంతే. లారీ మీద రంగు ఆరేలోపు డ్రైవర్లను కూర్చోబెట్టి అడిగేవాడట. రైల్లో పండుకుంటే ఒళ్ళు ఎట్ల ఊగుతది, మంచు పడితే చప్పుడైతదా, అని. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు తలలో దాచుకుని, సొంత గోడలు దొరికాక వాటి మీదకు దించాడు.

రైలు గదిలో మంచం లేదు, గోడకు బిగించిన రెండు బల్లలు ఉన్నాయి. కిటికీకి అడ్డంగా ఊచలు. పైన ఎర్ర గొలుసు. గొలుసు లాగితే వంటింట్లో గంట మోగుతుంది, సోమక్క టీ తెస్తుంది. అసలు రైల్లో గొలుసు లాగితే పోలీసొస్తడు, నా రైల్లో చాయ్ వస్తది, ఏది మంచిది, అని ఆయన అందరినీ అడిగేవాడు. పిల్లలున్న కుటుంబం ఆ గదిలో దిగితే సోమక్క గంట నాలుకకు గుడ్డ చుట్టేసేది. మంచు గది గోడలకు బూరుగు దూది జిగురుతో అంటించాడు. ఫ్యాను వేస్తే అది ఊడి మీద పడుతుంది. పొద్దున్నే తల నిండా దూదితో బస్సెక్కే మనిషిని చూసి, రాత్రి బాగా పడ్డదా అని ఊరంతా పలకరించేది.

గది మనం కోరుకునేది కాదు, ఆయన ఇచ్చేది. తాళంచెవులు చేతిలో పట్టుకుని, ఒక కన్ను మూసి, వచ్చినవాళ్ళను ఒకే ఒక ప్రశ్న అడిగేవాడు.

"నువ్వు ఏం చూడలే?"

జవాబును బట్టి గది. ఒకసారి చింతలనార్‌లో పనిచేసే ఒక మాస్టారు, మూడు నెలలైంది మా పాపను చూసి, అన్నాడట. ఈయన చాలాసేపు ఆలోచించి రైలు గది ఇచ్చాడట. పొద్దున్నదాకా ఇంటికి పోయే రైల్లో ఉన్నాననుకోమని చెప్పాడట. ఈ సంగతి నాకు సోమక్క చెప్పింది. లాడ్జి వంటా, గదులూ, ఆయన కోపమూ అన్నీ చూసుకున్నది ఆవిడే.

పొద్దున్న తాళంచెవి తిరిగి తీసుకునేటప్పుడు ఇంకో మాట అడిగేవాడు, "బరాబర్ ఉన్నదా?" అని. అంటే అసలుదానిలాగే ఉందా అని. ఎవరైనా బరాబర్ అనే అనేవాళ్ళు. బ్యాగు భుజాన వేసుకుని బస్సు కోసం చూస్తున్నవాళ్ళు ఇంకేం అంటారు.

మేం అక్కడికి వెళ్ళాలని వెళ్ళలేదు. నాలుగేళ్ళ కిందటి ఆగస్టు. మా అమ్మకు గుండె బాగా బలహీనపడింది. ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళి ఇష్టమైనట్టు ఉంచండని డాక్టరు చెప్పాడు. అమ్మకు ఇష్టమైంది ఒక్కటే, తను పుట్టిన ఊళ్ళో సముద్రం ఒక్కసారి చూడాలి. శ్రీకాకుళం వైపు చేపలవాళ్ళ ఊరు అది. కిరండూల్ రైలు లైనులో నాన్న ట్రాక్ పని చేసే చిన్న స్టేషనుకు పెళ్ళయి వచ్చింది. దగ్గరలో బడి లేదు. క్వార్టరు వసారాలో బొగ్గుతో అక్షరాలు దిద్దించి, తన బైబిలు నాచేత చదివించి, అమ్మే నాకు చదువు చెప్పింది. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ వసారా పుణ్యమే. నాన్న పోయాక మేం బచేలి చేరాం. ఊరెళ్దామా అమ్మా అని ఏ ఏడు అడిగినా, "సముద్రం ఎక్కడికి పోతాదే, అక్కడే ఉంటాది" అని వాయిదా వేసేది. చివరికి వాయిదా వెయ్యడానికి తన దగ్గరే రోజులు లేకుండా పోయాయి.

ఆ వారమే వానలకు కొండరాళ్ళు పట్టాల మీద పడి రైళ్ళు ఆగిపోయాయి. బొలెరో మాట్లాడుకుని సుక్మా, దోర్నపాల్ మీదుగా బయల్దేరాం. ఎర్రబోరు దగ్గరికి వచ్చేసరికి శబరి పొంగి కొంటా దగ్గర రోడ్డు మునిగిపోయిందన్నారు. వెనక్కి వెళ్ళాలంటే అంత దారీ అమ్మ మళ్ళీ తట్టుకోలేదు. ముందు నీళ్ళు, వెనక గతుకులు. ఆ ఐదు తలుపుల బోర్డు కింద బండి ఆపించాను. నా మనసులో ప్రార్థన నడుస్తూనే ఉంది.

ఆయన ముందు డ్రైవర్ని అడిగాడు, నువ్వేం చూడలేదని. అతను హిందీలో, వారం నుంచి నిద్ర చూడలేదు అన్నాడు. మంచు గది. తర్వాత నన్ను. నాకు నోటికి వచ్చింది, బడి అని. ఆయన మూసిన కన్ను తెరిచి నన్ను బాగా చూశాడు. తర్వాత, "నేను కూడ" అన్నాడు. బడి గది తాళంచెవి నా చేతిలో పెట్టాడు. అమ్మను అడగబోతుంటే నేనే చెప్పాను, ఎక్కడికి, ఎందుకు వెళ్తున్నామో. ఆయన అమ్మ చేతి సంచి అందుకుని ముందు నడిచాడు. అంత సంతోషంగా నడిచిన మనిషిని నేను ఆస్పత్రి నుంచి వచ్చాక చూడలేదు. పాపం, ఆయన దగ్గర సముద్రం సిద్ధంగా ఉంది.

మూడు గోడల నిండా నీలం. నీళ్ళన్నీ ఒకే వైపుకు పారుతున్నాయి. దుంగను తొలిచి చేసిన పడవలు, శబరి మీద తిరిగేవి. నీళ్ళకు అవతల చక్కగా ఒక గట్టు, గట్టు మీద ఏడు తాటిచెట్లు, చివర ఒక పూరిల్లు, దాని కిటికీలో పసుప్పచ్చగా దీపం. అమ్మను మంచం మీద కూర్చోబెట్టాను. ఈ గోడ నుంచి ఆ గోడకు నెమ్మదిగా చూసింది. చూసి, నవ్వింది. ఎన్నాళ్ళకో నవ్వింది. నవ్వితే దగ్గు వస్తుందని నాకు భయం.

"ఓలమ్మ, ఇది సముద్రమేటే. ఏరు."

ఆయన గుమ్మంలోనే ఉన్నాడు. పొద్దున్న అడగాల్సిన మాట అప్పుడే అడిగాడు, "బరాబర్ లేదా అక్కా?"

నేను అమ్మ చెయ్యి నొక్కాను. తలదాచుకోవడానికి ఇంకో చోటు లేదు మాకు. కానీ రైలు పాసులో నా వయసు ఒక ఏడు తగ్గించి చెప్పమన్నారని ఆ ప్రయాణమే మానుకున్న మనిషి మా అమ్మ.

"నేదు బాబూ" అంది. "సముద్రానికి అవతల గట్టుండదు."

"గట్టు లేకపోతే నీళ్ళు ఎట్ల ఆగుతయ్?"

"అది ఆపినోడికే తెలవాలి."

ఆయన కాసేపు గోడను చూశాడు. తాళంచెవి మంచం మీద పెట్టి వెళ్ళిపోయాడు. అన్నం సోమక్క తెచ్చింది. పదేళ్ళ నుంచి ఎంతమంది పడుకున్నారో ఆ గదిలో, కాకినాడ వాళ్ళు, విశాఖపట్నం వాళ్ళు, ఒక్కరూ చెప్పలేదట. అసలు గోడ వేసే రోజుల్లో కూడా నీళ్ళుంటాయి, పడవలుంటాయి, అలలుంటాయి అని చెప్పారు గానీ, ఇది ఉండదు అని ఎవరూ చెప్పలేదట. లేనిదాన్ని ఎవరు చెప్తారు. చిన్నప్పటి నుంచి శబరి ఒడ్డున తిరిగినవాడు, నీళ్ళంటే రెండు గట్లనే అనుకున్నాడు. ఇవాళ ఆయన అన్నం తినడు అని చెప్పి సోమక్క వెళ్ళిపోయింది. ఎందుకమ్మా అలా అన్నావు అని నేను విసుక్కున్నాను. "అడిగినాడు కదే. అడిగినోడికి చెప్పకపోతే మోసం కాదేటి" అని అమ్మ అటు తిరిగి పడుకుంది.

పొద్దున్నే ఆయన నీలం డబ్బా, స్టూలు పట్టుకుని వచ్చాడు. నా వైపు చూడలేదు.

"గట్టు లేదంటివి గదా అక్కా. మరి ఆడ ఏముంటది?"

"ఏటీ ఉండదు బాబూ. గీత ఉంటాది."

"ఏం గీత?"

"నీళ్ళు అయిపోయి ఆకాశం మొదలయ్యే గీత."

ఏమీ లేకపోవడాన్ని ఆయన అంతవరకు ఎప్పుడూ గీయలేదు. ఆ రోజంతా మూడు గోడల మీదా గీత దగ్గరే గడిపాడు. గీత మరీ గట్టిగా పడిందని అమ్మ మంచం మీంచి అనేది, ఆయన గుడ్డతో అద్దేవాడు. ఒడ్డుకు దగ్గర నీళ్ళు బురద రంగులో ఉంటాయంది. అలలు ఏరులా పక్కకు పారవు, మన కాళ్ళ దగ్గరికి వస్తాయంది. నురగ ఎట్లుంటదని అడిగాడు. చిలికిన మజ్జిగ మీద తేలినట్టు, అంది అమ్మ. సోమక్క నిజంగానే గిన్నెలో మజ్జిగ చిలికి తెచ్చి చూపించింది. తాటిచెట్లు ఒకటొకటే నీళ్ళలోకి పోయాయి. ఊపిరి ఆడక దిండుకు ఆనుకుని కూర్చునే మా అమ్మ, ఆ రెండు రోజులూ దిండు సంగతి మర్చిపోయింది.

డ్రైవరు రోజూ వెళ్ళి వరద చూసి వచ్చేవాడు. తల అడ్డంగా ఊపేవాడు. అమ్మ నిద్రపోయినప్పుడు నేను నా బడి గదికి వెళ్ళేదాన్ని. రెండు బెంచీలు, నల్లబల్ల, సుద్దముక్కలు. తుడిచే గుడ్డ ఉండదు, రాసినదాన్ని తుడవనివ్వడు. తర్వాత వచ్చినవాళ్ళు చుట్టుపక్కల ఖాళీలో రాసుకోవాలి. నాకు వయసొచ్చాక దొరికిన బెంచీ అది, ఇరుకుగా ఉంది, అయినా కూర్చున్నాను. నల్లబల్ల మీద ఒక మూల రాశాను, ప్రభువా, నీళ్ళు తియ్యి, మా అమ్మకు దారి ఇవ్వు, ఆమె కళ్ళతో చూసేదాకా ఊపిరి ఉంచు, అని. ఆయన వచ్చి, ఏం రాసినవో చదువు బిడ్డా అన్నాడు. చదివాను. నేను ఆమెన్ అనేలోపు ఆయనే, "బరాబర్" అన్నాడు. ఇప్పటికీ ప్రార్థన ముగించేటప్పుడు ఒక్కోసారి ఆ మాటే నోటి చివరకు వస్తుంది. దేవుడు తప్పు పట్టడనే అనుకుంటాను.

మూడో రోజుకు ఆ పూరిల్లు ఒక్కటి మిగిలింది. ఆయన స్టూలెక్కి బ్రష్షు ఎత్తాడు.

"దాన్నొగ్గీ బాబూ" అంది అమ్మ.

"తప్పు గదా అక్కా. నువ్వే చెప్తివి."

"తప్పే. అయినా ఒగ్గీ. ఇక్కడ పడుకుంటే నా సూపు ఆ దీపం మీదకే పోతంది."

తప్పని తెలిసి తప్పును ఉంచమనడం అమ్మ నోట నేను వినలేదు అంతకుముందు. ఆయన కూడా నమ్మలేక అలాగే నిలబడ్డాడు. బ్రష్షు నుంచి నీలం బొట్లు దుప్పటి మీద పడ్డాయి. తర్వాత బ్రష్షు చెవి వెనక దోపుకుని దిగాడు. గట్టు లేదు, చెట్లు లేవు. నీళ్ళు అయిపోయే గీత మీద, దేని మీదా ఆనకుండా, దీపం వెలుగుతూ ఒక ఇల్లు.

మర్నాడు రోడ్డు తేలింది. అమ్మను బండిలో ఎక్కించాక ఆయన కిటికీ దగ్గరికి వచ్చాడు. "చూసినంక చెప్పాలె అక్కా. ఇప్పుడన్న బరాబర్ ఉన్నదో లేదో" అన్నాడు. అమ్మ చెప్తానంది.

మేం చేరాం. నేను నల్లబల్ల మీద రాసింది దేవుడు పొల్లు పోకుండా నెరవేర్చాడు. మా మేనమామ కొడుకులు అమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఇసుక మీదకు మోసుకెళ్ళారు. సాయంత్రపు ఎండ. అమ్మ ఈ చివర నుంచి ఆ చివరకు చాలాసేపు చూసింది, అచ్చం ఆ గదిలో చూసినట్టే. కళ్ళు తుడుచుకుంటుందేమోనని నేను కొంగు అందించబోయాను.

"ఆ ఇల్లేదే?" అంది.

మాట తడబడుతోందేమోనని కంగారుపడ్డాను. లేదు. నవ్వుతోంది. చూపు నీళ్ళు అయిపోయే గీత మీద ఉంది. "పేంటరు ఇల్లే. అక్కడుంటే బాగున్ను" అంది.

పదకొండో రోజున, పుట్టినింట్లో, నిద్రలో వెళ్ళిపోయింది.

తిరుగు ప్రయాణంలో ఎర్రబోరులో దిగాను. ఆయన సంత గదిలో సొరకాయకు రంగు వేస్తున్నాడు. నేను ఒక్కదాన్నే దిగడం చూసి సంగతి గ్రహించాడు. ముందు, "చూసిందా?" అని అడిగాడు. చూసింది బాబాయ్ అన్నాను. తర్వాత, "బరాబర్ ఉన్నదా?" అన్నాడు. నేను ఆవిడ కూతుర్ని. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నీళ్ళూ, గీతా, నురగా అన్నీ అలాగే ఉన్నాయి, ఇల్లు ఒక్కటి లేదు, అమ్మ దాన్ని వెతుక్కుంది, అని.

సంతోషిస్తాడనుకున్నాను. ఆయన మొహం వాడిపోయింది. సొరకాయ వదిలేసి సముద్రం గదిలోకి వెళ్ళాడు. నేను వెళ్ళేసరికి స్టూలు వేసి, నీలం డబ్బా మూత తీస్తున్నాడు. "ఇన్నేండ్లకు అసలుది చూసే టైముకు, నా గలత్ పని ఆమెకు అడ్డం వచ్చింది" అన్నాడు. వద్దు బాబాయ్ అనబోయాను. సోమక్క గరిటెతో అలాగే వంటింట్లోంచి వచ్చింది.

"తుడువు" అంది. "తుడిస్తే మరి ఆమె యాడ ఉంటది?"

ఆయన డబ్బా మూత మళ్ళీ పెట్టేశాడు. గట్టిగా, అరచేత్తో కొట్టి పెట్టాడు.

ఆ తర్వాత ఏటా వానలు పట్టగానే గోడ చెమ్మగిల్లి దీపం రంగు వెలిసిపోయేది. ఆయన కొత్తగా పసుపు రంగు వేసి నాకు ఫోను చేసేవాడు. "దీపం పెట్టిన" అనేవాడు, ఫోను పెట్టేసేవాడు. అంతే మా మాటలు. సముద్రం చూపిస్తాను రండి బాబాయ్ అని నేనూ పిలుస్తూనే ఉన్నాను. గదులు ఎవలు చూస్తరు అనేవాడు. ఒకసారి సంచి సర్దుకుని కొంటా బస్టాండు దాకా వెళ్ళి తిరిగొచ్చేశాడట. ఏమైందని సోమక్క అడిగితే, ఆడ ఆ ఇల్లుండదు గదా, పోయి ఏం చూసుడు, అన్నాడట.

ఈ ఏడు వానలు పట్టాక వచ్చిన ఫోను సోమక్కది. పోయే ముందు శనివారమే స్టూలెక్కి దీపం పెట్టాడట. ఆయన తమ్ముడి కొడుకు టైల్సు వేసి, గదులకు నంబర్లు పెడతానంటున్నాడట. అతని తప్పేం లేదు, అతనూ బతకాలి. సముద్రం గది తాళంచెవి మాత్రం సోమక్క నడుమున దోపుకుందట. అడిగితే వెతుకుతున్నా అంటోందట.

నేను ఆయన కోసం పెద్ద ప్రార్థనలేమీ చెయ్యలేదు. ఆయన వెళ్ళినచోట, గుమ్మంలో ఎవరైనా ఒక కన్ను మూసి, నువ్వు ఏం చూడలే అని అడగాలని మాత్రం కోరుకున్నాను. ఏం చెప్తాడో నాకు తెలుసు. సముద్రం గదే ఇస్తారు, అసలుది. పొద్దున్న, బరాబర్ ఉన్నదా అని ఆయన్నే అడుగుతారు. అడిగినవాడికి చెప్పకపోతే మోసమని మా అమ్మ దగ్గర నేర్చుకున్నవాడు కదా. ఒక ఇల్లు తక్కువైందని చెప్తాడు. చెప్పి, స్టూలు అడుగుతాడు.